స్టాండు చప్పుడు

మా నాయనకి టీవీఎస్ ఫిఫ్టీ ఉండేది. రాత్రి ఇంటి ముందర దాని స్టాండు వేసే చప్పుడును బట్టే ఆ రోజు ఎంత తాగొచ్చినాడో నాకు తెలిసిపోయేది, టక్కుమని ఒక్కసారికే పడితే పర్వాలేదు, రెండుమూడు సార్లు నేలకి గీరుకుంటే మాత్రం చెల్లెల్ని లేపుకుని పక్కింటి జేజి దగ్గరికి పోయేవాణ్ణి. అప్పుడు చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటిమి.

ఇప్పుడు నాకు 43, తిరుపతిలో ఉండాను, నాయన పోయి 11 ఏళ్లయింది. అయినా అపార్ట్‌మెంట్ కింద ఎవరన్నా బండి స్టాండు గీరితే చాలు మెడ నరాలు బిగుసుకుంటాయి. పోయినేడు బీపీ 160/100 అని తేలినప్పుడు డాక్టరు ఉప్పు, ఊరగాయ, సిగరెట్టు, నిద్ర అన్నీ అడిగినాడు, చిన్నప్పుడు ఇంట్లో ఎట్టుండేది అని మాత్రం అడగలా. తప్పు పట్టడంలేదులే, బయట టోకెన్లు పట్టుకోని ఊరంతా కూర్చోనుంది.

అడిగినోళ్లు అమెరికాలో ఉన్నారు. శాన్‌డియాగోలో ఫెలిట్టి అనే డాక్టరు లావు తగ్గించే క్లినిక్ నడిపేవాడు, బరువు బాగా తగ్గుతున్నోళ్లే మధ్యలో మానేసి పోతావుంటే ఇదేందబ్బా అని కూర్చోబెట్టి మాట్లాడితే చాలామంది దగ్గర చిన్నప్పటి ఘోరాలు బయటపడినాయి. తర్వాత ఆయనా, అండా అనే ఇంకో డాక్టరూ కలిసి మొత్తం 17,000 మందికి పైగా అడిగినారు: కొట్టేవాళ్లా, ఇంట్లో తాగుబోతు ఉన్నాడా, అమ్మని కొడతావుంటే చూసినావా, ఇట్లాంటివి. 1998లో వచ్చిన మొదటి పేపర్లో, ఇట్లాంటివి నాలుగుగానీ అంతకన్నా ఎక్కువగానీ ఉన్నోళ్లకి తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు ఒక్కటీ లేనోళ్లకన్నా 4 నుంచి 12 రెట్లు, గుండెజబ్బు కూడా ఎక్కువే. నాకు ఐదు వచ్చినాయి. అయితే అది మందిమీద లెక్క, నా ఒక్కడి జాతకం కాదు, ఆ మాట నాకు నేనే చెప్పుకుంటా ఉంటాను.

భయమేస్తే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఊరతాయి, పారిపోవడానికి అవి కావాల్సిందే. రోజూ ఊరతా ఉంటేనే కష్టం, నీళ్లు లేని బోరుమీద మోటారు ఆడించినట్టు, మన జిల్లా రైతుకి అదేమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా పిల్లోడి సంగతి. కన్నకొడుకు కాదు, పదో తరగతి, వాడికి పెద్దోడి తోడు ఒకటుంటే బాగుంటుందని ఒక అయ్యోరు పరిచయం చేసినాడు. ఆదివారం పొద్దున ఆరింటికి అలిపిరి దగ్గర కలుస్తాం, కొన్ని మెట్లెక్కి దిగి ఇడ్లీ తింటాం, అంతే. ఏమడిగినా రెండు నెలలు "ఏం లేదన్నా" అనే జవాబు. పోయేటప్పుడు మాత్రం "వచ్చే వారం వస్తావా అన్నా" అంటాడు, ప్రతిసారీ.

ఒక వారం పలమనేరులో పెళ్లికి పోయినాను. వాడికి ఫోను లేదు, వాళ్లమ్మ ఫోను నాయన చేతిలో ఉంటుంది, నేనూ పెద్దగా పట్టించుకోలా, ఒక్కవారమే కదా అని. ఎనిమిదిన్నర దాకా గరుడ విగ్రహం దగ్గర కూర్చున్నాడంట, టీ అంగడాయన చెప్పినాడు. మూడు వారాలు రాలా. అప్పుడు వెతికితే దొరికింది, ఇట్లా పిల్లోడికి బయటి పెద్దోడొకడు తోడుండే జతల్లో, మూడు నెలలు కూడా నిలవకుండా తెగిపోయినవాటిల్లో పిల్లలకి తమమీద నమ్మకం ముందుకన్నా తగ్గిందని 2002లోనే రాసిపెట్టినారు. అంటే మధ్యలో వదిలేసేవాడికన్నా అసలు రానివాడే నయం. చదివి ఒళ్లు మండింది, నామీదే.

నేను మాత్రం ప్రతి ఆదివారం పోయి కూర్చున్నా. నాలుగో వారం వచ్చినాడు. ఏం మాట్లాడలా, నాకన్నా ముందు రెండేసి మెట్లు ఎక్కేసి, పైన ఆగి, నేను ఆయాసపడతా వచ్చేదాకా నిలబడినాడు. "బీపీ మాత్ర ఏసుకున్నావా అన్నా" అన్నాడు.

ఈ ఆదివారం పలమనేరులో ఇంకో పెళ్లుంది, మా ఆవిడ పిన్నమ్మ కూతురుది. నేను పోవడంలేదు. ఆమెకింకా చెప్పలా.