పద్నాలుగు ఫారాలు

ఎం.ఏ. చివరి సెమిస్టర్‌లో నా ప్రాజెక్టు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ల మీద. 2018లో వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కదా, దాంతో నేతన్న కూలి ఏమైనా పెరిగిందా అన్నది నా ప్రశ్న. 60 మందిని అడగాలి. 46 దగ్గర ఆగిపోయాను. ఎండలు, తాళం వేసిన ఇళ్లు, డ్రాఫ్ట్ ఇవ్వడానికి రెండే రోజులు. మిగతా 14 ఫారాలు రూములో ఫ్యాను కింద కూర్చుని నింపేశాను. రెండు రంగుల పెన్నులు కూడా వాడాను, అదో తెలివి.

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ నా ప్రాజెక్టులో కాపీ 8 శాతమే అంది. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఆ 8 చూసి రూమ్మేట్లకు బిర్యానీ కూడా ఇప్పించాను. ఆ సాఫ్ట్‌వేర్ చూసేది వాక్యాలను. ఫారం వెనక మనిషి ఉన్నాడో లేడో దానికేం తెలుసు!

బైండింగ్‌కు ముందు వయసుల కాలమ్ చూస్తుంటే తేడా కొట్టింది. నిజం ఫారాల్లో అన్నీ 45, 50, 60. "అరవై ఉంటయేమో, రాస్కో" అన్నవాళ్లే ఎక్కువ. నేను పుట్టించినవాళ్ల వయసులు మాత్రం 43, 57, 38. పైగా వాళ్లలో చాలామందికి కూలి పెరిగిందట. నాకు కావాల్సిన జవాబు అదే మరి.

గైడ్ మేడమ్‌కు చెప్పేశాను. "46 అయితే 46 అని రాయి. ఎందుకు తగ్గాయో కూడా రాయి" అన్నారు. పట్టికలన్నీ మళ్లీ వేస్తే, కూలి పెరిగిందన్న నా వాదన సగం కూలిపోయింది.

సమ్మతి పత్రం సంగతి ఇంకా సిగ్గుచేటు. చదివి వినిపించకుండానే సంతకాలు తీసుకున్నా. ఒక పెద్దాయన సంతకం పెట్టినంక అడిగాడు, "ఇది దేనికి బిడ్డా? ఇంతకుముందు గూడ ఇద్దరొచ్చి రాసుకపోయిన్రు. మళ్ల కనవడలే."

అందుకే ప్రాజెక్టు అయ్యాక ఒక కాపీ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. కూలి ఎక్కడ కోస్తున్నారో ఆయన విడమరిచి చెప్పాడు కాబట్టి, ఇబ్బంది రాకూడదని పేరు, వీధి రెండూ తీసేశాను. మగ్గం ఆపి, కళ్లద్దాలు పెట్టుకుని పేజీలన్నీ తిప్పాడు.

"నా పేరేది బిడ్డా?"