త్వరణం ఉంటే చాలదు, పక్క ఆవేశాలనూ చూడాలి

త్వరణం చెందే ఆవేశం విద్యుదయస్కాంత వికిరణాన్ని వెలువరిస్తుందని ఇంటర్‌లోనే చదువుకుంటాం. మరి కాయిల్‌లో నిలకడైన డీసీ పారుతున్నప్పుడు ఎలక్ట్రాన్లు గుండ్రంగానే తిరుగుతాయి కదా, కేంద్రం వైపు త్వరణం ఉన్నట్టే కదా! అయినా ఆ కాయిల్ తరంగాలు పంపదు. ఎందుకని?

ఒంటరి ఆవేశానికి లార్మర్ 1897లో ఇచ్చిన సూత్రం సరిపోతుంది: వెలువడే శక్తి ఆవేశ వర్గానికీ, త్వరణ వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. (ఆవేశం వేగం కాంతి వేగంతో పోలిస్తే చాలా తక్కువ అయినప్పుడే ఇది ఇలా చెల్లుతుంది.) కాయిల్‌లో మాత్రం ఎలక్ట్రాన్లు ఒకదాని వెనక ఒకటి ఎడతెగకుండా వస్తుంటాయి. ఏ బిందువు దగ్గర చూసినా ఆవేశ సాంద్రతా మారదు, కరెంటూ మారదు. కాబట్టి దూరంతో విలోమంగా తగ్గే క్షేత్రాలు, అంటే శక్తిని దూరాలకు మోసుకెళ్ళేవి, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది స్థిర అయస్కాంత క్షేత్రం.

ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్‌లో ఉన్న ఇండస్-2 (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి, అవి వెలువరించే వికిరణాన్ని వాడుకునే సింక్రోట్రాన్) దీనికి సరిగ్గా ఎదురు. 172.5 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు తిరుగుతాయి. వంపు అయస్కాంతాల్లో వాటి మార్గ వ్యాసార్థం సుమారు 5.55 మీటర్లు. ఒక్క చుట్టుకు ఒక్కో ఎలక్ట్రాన్ దాదాపు 620 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని వికిరణంగా కోల్పోతుంది. 200 మిల్లీ ఆంపియర్ల కరెంటు దగ్గర మొత్తం నష్టం 125 కిలోవాట్ల దాకా వస్తుంది. ఆర్‌ఎఫ్ కావిటీలు (రేడియో ఫ్రీక్వెన్సీ విద్యుత్ క్షేత్రంతో ఎలక్ట్రాన్లను ముందుకు నెట్టే లోహపు గదులు) దాన్ని తిరిగి నింపకపోతే బీమ్ నిలవదు. ఇక్కడ రద్దు ఎందుకు జరగదంటే, వెలువడే ఎక్స్‌కిరణాల తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌ల లెక్కలో ఉంటుంది, ఎలక్ట్రాన్ల స్థానాలు మాత్రం అంతకంటే ఎన్నో రెట్ల దూరాల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. ఫేజులు కలవవు, శక్తులు కూడుకుంటాయి. కలిసి తిరిగే ఎలక్ట్రాన్ల గుత్తి తరంగదైర్ఘ్యం కంటే పొట్టిగా ఉంటే ఫేజులు కలిసి, శక్తి ఎలక్ట్రాన్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది. అదే శక్తితో అదే వలయంలో ప్రోటాన్‌ను తిప్పితే నష్టం 1836 (ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కు ఇన్ని రెట్లు) నాలుగో ఘాతమంత తగ్గిపోతుంది, అంటే సుమారు పది లక్షల కోట్లలో ఒక వంతు అవుతుంది.

సర్క్యూట్లలోనూ ఇదే లెక్క. వెళ్ళే తీగ, వచ్చే తీగ దగ్గరగా ఉంటే వాటి కరెంట్లు వ్యతిరేకం కాబట్టి దూరాన క్షేత్రాలు రద్దవుతాయి. ఎడం పెంచితే యాంటెన్నా అవుతుంది. తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చిన్నదైన లూప్ విడుదల చేసే శక్తి వైశాల్య వర్గంతోనూ, ఫ్రీక్వెన్సీ నాలుగో ఘాతంతోనూ పెరుగుతుంది. అందుకే ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ పనిచేసే పవర్ సప్లై) బోర్డు పక్కనున్న రేడియోలో గరగర వస్తే ముందు చూడాల్సింది స్విచింగ్ లూప్, అంటే స్విచ్, కెపాసిటర్ల గుండా వేగంగా మారే కరెంటు తిరిగే చుట్టు. కెపాసిటర్‌ను స్విచ్‌కు దగ్గరగా జరిపి వైశాల్యాన్ని సగం చేస్తే ఆ లూప్ నుంచి వెలువడేది నాలుగో వంతుకు పడిపోతుంది. అయినా తగ్గకపోతే అనుమానించాల్సింది కేబుల్‌ను. రెండు తీగల్లోనూ ఒకే దిశలో పారే కరెంటు రద్దు కాదు, తీగల్ని మెలివేసినా దానికి లాభం లేదు. కేబుల్ చుట్టూ ఫెర్రైట్ క్లిప్ (అలాంటి కరెంటును అడ్డుకునే అయస్కాంత పదార్థపు బిళ్ళ) వేయాలి, అదీ బోర్డుకు వీలైనంత దగ్గర్లో.