వణికిస్తూ వచ్చిన వేసవి

ఐస్‌లాండ్‌లో ఏప్రిల్ 19కీ 25కీ మధ్య వచ్చే గురువారం వేసవి మొదటి రోజు. దేశమంతా సెలవు. పాత నార్స్, అంటే పూర్వపు స్కాండినేవియా వాళ్ల లెక్కలో ఏడాదికి రెండే కాలాలు, చలికాలం, వేసవి. వసంతం అంటూ విడిగా ఏమీ లేదు. ఆ రోజు రాజధాని రేక్యావిక్‌లో మంచు కలిసిన వాన, దానికి తోడు చెవులు కోసేసే గాలి. ఇది వేసవి అంటే మన ఊళ్లో ఎవరూ నమ్మరు!

మేం దిగిన ఇంటి పెద్దావిడ ముందు రోజు రాత్రి ఒక గిన్నెలో నీళ్లు పోసి గుమ్మం బయట పెట్టింది. పొద్దున్నే పైన పేరుకున్న పలచటి మంచు పొరను వేలితో టిక్కుమనిపించి తెగ సంబరపడిపోయింది. ఆ రాత్రి నీళ్లు గడ్డకడితే చలికాలం, వేసవి కలిసి గడ్డకట్టినట్టట, ఆ ఏడు బాగుంటుందట.

నేను వెళ్లింది ఆసాత్రూ అనే సంఘం వాళ్లు వేసవి మొదట్లో చేసే సిగుర్‌బ్లోత్ అనే పూజ చూడ్డానికి. ఓదిన్, థోర్, ఫ్రేయ లాంటి పాత దేవతలను కొలిచే ఈ సంఘం 1972లో సరిగ్గా వేసవి మొదటి రోజునే పుట్టింది. స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్‌సన్ అనే రైతు కవి దానికి మొదటి పెద్ద. మరుసటి ఏడాదే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న దేశంలో ఇప్పుడు సభ్యులు ఐదు వేలు దాటారు. ఓస్క్యుహ్లీద్ గుట్ట మీద 2015లో మొదలుపెట్టిన వాళ్ల గుడి పని మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. గుడి కట్టడం ఎక్కడైనా అంతేనేమో.

బలులేవీ లేవు. మంట చుట్టూ గుండ్రంగా నిలబడ్డాం. గోది, అంటే వాళ్ల పురోహితుడు, పాత పద్యాలు రాగం తీసి చదివాడు. తర్వాత మీడ్, అంటే తేనెతో చేసిన మద్యం, పోసిన కొమ్ము చేతులు మారుతూ వచ్చింది. ఒక్కొక్కరూ దాన్ని ఎత్తి పట్టుకుని దేవతలకో, పోయిన తాతకో, రాబోయే పంటకో ఒక మాట చెప్పి గుక్కెడు తాగి పక్కవాళ్లకు ఇస్తున్నారు. నా వంతు రాగానే పక్కాయన చెవిలో హెచ్చరించాడు: మొన పైకి ఎత్తొద్దు, పక్కకు తిప్పు. లేకపోతే లోపలికి గాలి వెళ్లి మీడ్ అంతా ఒక్కసారిగా మొహాన కొడుతుందట. అలాగే తిప్పాను. తేనె వాసన, చివర్న కాస్త పులుపు.

బ్రిటన్, అమెరికాల్లో చాలామంది హీథెన్లు, అంటే ఇలాగే పాత దేవతలను కొలిచేవాళ్లు, మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లోనే ఓస్తారా అనే దేవత పేరిట పండగ చేస్తారు. ఆ దేవత గురించి పాతకాలపు ఆధారం దాదాపుగా బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 725లో రాసిన నాలుగు ముక్కలే. పూజ ఎలా చేసేవారో ఆయన చెప్పలేదు. ఓస్తారా అన్న పేరేమో 1835లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ ఊహించి కట్టినది. సిగుర్‌బ్లోత్ సంగతి వేరు. వేసవి మొదట్లో విజయం కోరుతూ చేసే పూజ గురించి 13వ శతాబ్దంలోనే ఐస్‌లాండ్ రచయిత స్నోరి రాసిపెట్టాడు. అయినా ఓస్తారాను తక్కువ చేసి మాట్లాడబుద్ధి కాలేదు. ఈ రోజుల్లో మనసుపెట్టి చేసుకుంటున్నదీ పండగే.

థోర్ నిజంగా ఉన్నాడని నమ్ముతావా అని పక్కాయన్ని అడిగేశాను. ఏమీ అనుకోలేదు. వాళ్ల పెద్ద హిల్మర్ ఓర్న్ హిల్మర్‌సన్ కూడా ఎనిమిది కాళ్ల గుర్రమెక్కి తిరిగే ఒంటికన్ను మనిషిని, అంటే ఓదిన్‌ని, ఎవరూ నమ్మరని, అవి కవితా రూపకాలని చెప్పాడు కదా అన్నాడు. "మరి ఇంత చలిలో ఇక్కడెందుకు?" అంటే, "వేసవి వచ్చింది కదా!" అని నవ్వి, పిల్లలకు తెచ్చిన వేసవి కానుకల సంచీ తీసుకుని తిండి దగ్గరకు నడిచాడు. చలికి అప్పటికే నా కడుపు నకనకలాడుతోంది, వెనకాలే వెళ్లాను.