జపాన్‌లో పాస్ కొనాలా, టికెట్లు కొనాలా: నా అనుభవం

2024 నవంబర్‌లో నేను, మావారు, అత్తయ్య తొమ్మిది రోజులు జపాన్ వెళ్లొచ్చాం. వీసా కన్నా, హోటళ్ల కన్నా నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది రైలు ఖర్చు. ముందు వెళ్లొచ్చినవాళ్లంతా ఒకటే మాట: "రైల్ పాస్ తీసేసుకో, ఇంకేం ఆలోచించకు." వాళ్లు వెళ్లినప్పుడు అది సరైన మాటే. ఆ పాస్ ఒకసారి కొంటే అన్ని రోజులూ దేశమంతా జేఆర్ (జపాన్ రైల్వేస్) రైళ్లలో తిరగొచ్చు. అప్పట్లో ఏడు రోజులది 29,650 యెన్లు. 2023 అక్టోబర్‌లో అది 50,000 అయింది.

ఒక రాత్రి నోట్‌బుక్ ముందేసుకుని ఏ రోజు ఎక్కడుంటామో రాశాను. మొదటి మూడు రోజులూ టోక్యోలోనే. అక్కడ మెట్రోలో ఈ పాస్ చెల్లదు, క్యోటో సిటీ బస్సుల్లోనూ చెల్లదు. అంటే డబ్బులు నిజంగా అయ్యేది బుల్లెట్ రైళ్లకే. టోక్యో నుంచి క్యోటోకి నొజోమి అనే అతివేగపు బుల్లెట్ రైల్లో ఒక్కొక్కరికి 14,170 యెన్లు, రానూపోనూ 28,340. క్యోటో నుంచి హిరోషిమా వెళ్లి రావడానికి ఇంకో 22 వేల పైన. మొత్తం కలిపితే కాస్త అటూఇటూగా పాస్ ధరే! పైగా పాస్ ఉన్నా నొజోమి ఎక్కాలంటే క్యోటోకి ఒక్కోసారి 4,960 అదనంగా కట్టాలి.

మావారు "సమానమేగా, పాస్ కొనేద్దాం, తలనొప్పి ఉండదు" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఇంకాస్త వెతికితే కన్సాయ్-హిరోషిమా ఏరియా పాస్ కనిపించింది. ఐదు రోజులకు 17,000. హిరోషిమా, నారా, హిమేజీ అన్నీ అందులోకే వస్తాయి. ఒకటే మెలిక: క్యోటోకి, ఒసాకాలోని షిన్-ఒసాకా స్టేషన్‌కి మధ్య బుల్లెట్ రైలు ఎక్కకూడదు. అరగంట మామూలు రైల్లో వెళ్లి, అక్కడ నొజోమి ఎక్కాలి. టోక్యో ప్రయాణానికి విడి టికెట్లు, మిగతాదానికి ఈ చిన్న పాస్. మనిషికి 45,340 అయింది. ముగ్గురికీ కలిపి మన డబ్బుల్లో ఏడు వేల పైనే మిగిలింది. నారా, హిమేజీ రైలు ఖర్చు ఇందులోనే కలిసొచ్చింది.

విడి టికెట్ అంటే ఒకటి కాదు, రెండు కాగితాలు. ఒకటి ప్రయాణ ఛార్జీది, రెండోది ఎక్స్‌ప్రెస్ ఛార్జీది. రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి గేటులో వేయాలి. "అమ్మాయ్, నమిలేస్తుందేమో చూడు" అంటూ అత్తయ్య వాటి చివర్లు వదల్లేదు. మెల్లగా వేలు తీయించాను. సర్రున లోపలికెళ్లి గేటు అవతలి వైపు పైకొచ్చాయి. అవి చేతిలోకి తీసుకుని జాకెట్‌లో దాచుకున్నారావిడ.

క్యోటో వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ, అంటే 'E' అక్షరం ఉన్న సీటు, కావాలని ఎంచుకున్నాను. ముప్పావు గంటకి ఫుజి పర్వతం కనిపించింది, నెత్తిన మంచుతో. అత్తయ్య చేతులు జోడించారు.

వెళ్లేవాళ్లకి ఇంకో మాట. హిరోషిమా దగ్గర మియాజిమా దీవికి జేఆర్ పడవ కూడా ఆ చిన్న పాస్‌లోకే వస్తుంది. కానీ మనిషికి 100 యెన్ల సందర్శకుల పన్ను విడిగా కట్టాలి. చిల్లర దగ్గరుంచుకోండి.