ఆయాసం ఉన్నవారి కాళ్ళకు బలం ఎలా వస్తుంది

ఊపిరి అందకుండా చేసే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీని మా కోనసీమ ఇళ్ళలో ఆయాసం అనే పిలుస్తారు. ఊపిరితిత్తులకు మందు పడితే చాలనుకుంటారు. నాన్నగారిని దగ్గరుండి చూసుకుంటున్న నాకు తెలిసివచ్చిందేమిటంటే, నాలుగు మెట్లకే ఆయనను కూలబెట్టేది ఊపిరి ఒక్కటే కాదు, కరిగిపోయిన తొడ కండరాలు కూడా. ఆయాసానికి భయపడి కదలకపోవడం, తిండి తగ్గడం, పదేపదే వాడే స్టిరాయిడ్ మాత్రలు, ఒంట్లో ఆరని ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) కలిసి కండను తినేస్తాయి. రక్తనాళాలు కూడా బిరుసెక్కుతాయి. అందుకే ఈ రోగులకు గుండెజబ్బుల ముప్పు ఎక్కువ.

ఇక్కడే బీట్‌రూట్ మీద ఆసక్తి పుట్టింది. దానిలోని నైట్రేట్‌ను నోటిలోని బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలను సడలిస్తుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ వారు 81 మంది సీఓపీడీ రోగులపై చేసిన పరిశోధన 2024లో వెలువడింది. అందులో 12 వారాలు రోజూ 70 మిల్లీలీటర్ల చిక్కని రసం, అంటే 400 మిల్లీగ్రాముల నైట్రేట్ తీసుకున్నవారికి, నైట్రేట్ తీసేసిన రసం తాగినవారితో పోలిస్తే, పై రక్తపోటు సగటున 4.5 పాయింట్లు తగ్గింది, ఆరు నిమిషాల్లో నడిచే దూరం సుమారు 30 మీటర్లు పెరిగింది. ఇది ఆశ కలిగించే ఫలితమే గానీ చిన్న పరిశోధన. పైగా సంతలో కొన్న దుంపలో నైట్రేట్ ఎంతుందో మనకు తెలియదు. మన తోటకూర, పాలకూరల్లో కూడా అది బాగానే ఉంటుంది.

నా మట్టుకు అంతకన్నా ముఖ్యమైనది మాంసకృత్తుల (ప్రోటీన్) లోటు. డెల్టాలో కంచం నిండా అన్నం, పక్కన కాస్త కూర. దీర్ఘకాలిక జబ్బున్న పెద్దలకు కిలో బరువుకు రోజూ 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు. యాభై కిలోల మనిషికి అరవై గ్రాములైనా అన్నమాట, గుడ్డులో ఉండేది ఆరే. చేప, గుడ్డు, పప్పు, పెరుగు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి, ఎందుకంటే నిండిన పొట్ట ఊపిరికి అడ్డుపడుతుంది. బరువు తగ్గిపోయినవారికి పోషక పొడులు ఉపయోగపడతాయి, అయితే కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కాలువ గట్టు మీద నడక వంటి వ్యాయామం తోడైతేనే తిన్నది కండగా మారుతుంది.

విటమిన్ డి బాగా తక్కువున్నవారికి మాత్రమే దాని మాత్రలతో ఆయాసం తిరగబెట్టడం తగ్గినట్టు కనిపించింది, కనుక ముందు రక్తపరీక్ష చేయించాలి. కిడ్నీ జబ్బు ఉన్నా, మూత్రపిండాల్లో రాళ్ళున్నా, బీపీ మాత్రలు వేసుకుంటున్నా, ప్రోటీన్ పొడినీ బీట్‌రూట్ రసాన్నీ డాక్టరుగారిని అడగకుండా మొదలుపెట్టకండి.