పన్నెండేళ్ల తర్వాత మళ్లీ అప్లికేషన్

డిగ్రీ అయిన పన్నెండేళ్లకు, దూరవిద్యలో పర్యావరణ శాస్త్రం పీజీకి అప్లై చేశాను. ఫారం నింపడం అరగంట పని. పాత మార్కుల జాబితాలు వెతకడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.

అసలు తిప్పలు 'ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నారు?' అన్న వ్యాసంతో. మొదట 'భూమిని కాపాడుకోవాలి' అని మొదలుపెట్టాను. చదువుకుంటే నాకే నవ్వొచ్చింది, అచ్చం ఎన్నికల ఉపన్యాసం! అంతా కొట్టేసి, రోజూ చేసే పని గురించి రాశాను. నీటి పరీక్షల ల్యాబులో బీఓడీ (బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్) చూస్తుంటాను, అంటే నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. శాంపిల్‌ని 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5 రోజులు చీకట్లో ఉంచి, సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకున్నాయో లెక్కగట్టాలి. చీకటి ఎందుకంటే, వెలుతురు తగిలితే నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారుచేసి లెక్క తప్పిస్తుంది. అంకె వేస్తాను, సంతకం పెడతాను. ఆ అంకె పెరిగితే అవతల నదిలో చేపకీ, పురుగుకీ ఏమవుతోందో వివరంగా చెప్పమంటే మాత్రం తడబడతాను. అదే రాశాను, దాచకుండా.

ఇంకో టెన్షన్ ప్రాక్టికల్స్. మట్టీ నీళ్లూ ముట్టుకోకుండా ఈ సబ్జెక్టు ఒంటబట్టదు. అందుకే ఫీజు కంటే ముందు, డిగ్రీకి గుర్తింపు ఉందా, కాంటాక్ట్ క్లాసులు ఎన్ని రోజులు, ల్యాబు ఎక్కడ అని అడిగాను. ఫోనెత్తినావిడ కాస్త విసుక్కుంది. లీవు పెట్టాల్సింది నేను కదా!

నిన్న రాత్రి సబ్మిట్ నొక్కేశాను. తర్వాత చూస్తే, అప్‌లోడ్ చేసింది కాలేజీ రోజుల ఫొటో.