బెజవాడలో కొని, చీరాలలో ఇచ్చి

జనవరిలో బెజవాడ వెళ్లడానికి పుస్తకాలంటే ఇష్టపడేవాళ్లకి వేరే సాకు అక్కర్లేదు. కొత్త సంవత్సరం రాగానే పుస్తక మహోత్సవం మొదలై, సంక్రాంతి ముగ్గులు పడేలోపు ముగిసిపోతుంది. మూడు దశాబ్దాలు దాటింది ఇది మొదలై. చాలా ఏళ్లు స్వరాజ్ మైదానంలో జరిగింది. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనే అంటారు. అక్కడిప్పుడు అంబేడ్కర్ స్మృతివనం వచ్చింది. నేను వెళ్లినప్పుడు ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో పెట్టారు.

హైదరాబాద్ నుంచి రెండు ఖాళీ సంచులతో రైలెక్కాను. ఒకటి నాకు, రెండోది చీరాల దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్పే నా చిన్నప్పటి స్నేహితురాలికి. వాళ్ల బడి లైబ్రరీకి పుస్తకాలిస్తానంటే ముందే హెచ్చరించింది. "చూడవే, మీ ఇంట్లో ఎవరూ చదవనివి తెచ్చి మా పిల్లల నెత్తిన పెట్టకు. పాత గైడ్లూ, ఎంసెట్ మెటీరియలూ, ఎవరిదో షష్టిపూర్తి సంచికలూ ఇప్పటికే ఒక బీరువా నిండా ఉన్నాయి. దానం చేశామన్న తృప్తి వాళ్లది, దుమ్ము దులిపే పని మాది" అంది. ఏం కావాలో వాట్సాప్‌లో రాసి పంపింది: పెద్ద అక్షరాలు, బొమ్మలు, దయ్యాలు, సైన్సు ప్రయోగాలు, పొడుపు కథలు. నీతి కథలు మాత్రం వద్దంది.

మహోత్సవంలో దాదాపు ప్రతి స్టాల్లోనూ పది శాతం తగ్గింపు ఉంటుంది. అది బేరం కాదు, మర్యాద. అసలు లాభం ఏంటంటే, మామూలు రోజుల్లో నాలుగు ఊళ్లు తిరిగినా దొరకని చిన్న ప్రచురణకర్తలు అక్కడ పక్కపక్కనే కూర్చుంటారు. బడి సంచి చాలావరకు 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ దగ్గర, నేషనల్ బుక్ ట్రస్ట్ దగ్గర నిండింది. పిల్లల పుస్తకాలు సన్నగా ఉంటాయి, ధరా తక్కువే. ఒక పెద్ద నవల డబ్బుతో ఒక వరస బెంచీల పిల్లలకి తలో పుస్తకం వస్తుంది.

నా సంచి కోసం లెనిన్ సెంటర్‌కి వెళ్లాను. ఏలూరు రోడ్డు, లెనిన్ విగ్రహం, ఆ చుట్టుపక్కల పాత పుస్తకాల కొట్లు. అక్కడ బేరానికి నా పద్ధతి ఒకటే. కావలసిన పుస్తకం కనిపించగానే మొహం వెలిగిపోకూడదు. దాన్ని ఇంకో నాలుగింటి మధ్యలో పెట్టి, మొత్తానికి కలిపి అడగాలి. "బాబాయ్ గారూ, ఇవన్నీ కలిపి చెప్పండి" అంటే, "మీరు అసలు తీసుకునేది ఆ నీలం అట్టదే కదమ్మా" అని నవ్వేశాడాయన. వాళ్ల కళ్లు గప్పడం మనవల్ల కాదు. డబ్బులిచ్చే ముందు మాత్రం చివరి పేజీలు ఉన్నాయో లేదో, మధ్యలో ఫారం, అంటే కలిపి కుట్టిన పేజీల కట్ట, ఏదైనా ఎగిరిపోయిందో చూసుకోవాలి. పురుగు తిన్న కన్నాలు పేజీలోంచి పేజీలోకి సాగుతుంటే, ఎంత చవకైనా ఇంటికి తేకూడదు. మిగతా బీరువాకీ అంటుకుంటుంది.

సోవియట్ తెలుగు పుస్తకాల సంగతే వేరు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు మాస్కోలో అచ్చువేస్తే విశాలాంధ్ర వాళ్లు ఇక్కడ అమ్మేవారు. గట్టి అట్ట, మంచి కాగితం, రంగు బొమ్మలు, ధర చూస్తే నామమాత్రం. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది, పుస్తకాలూ ఆగిపోయాయి. ఒకప్పుడు మధ్యతరగతి ఇంట్లో కూడా పిల్లలు చించేసిన బొమ్మల పుస్తకానికి ఇప్పుడు కొట్టువాడు చెప్పే ధర వింటే టెన్షన్ వస్తుంది. నేను కొనలేదు. పిల్లలు చదవాల్సిన పుస్తకం పెద్దవాళ్ల అద్దాల బీరువాలోకి పోవడం నాకు నచ్చదు.

ఇంకోటి కూడా అక్కడ మనసుకి ఇబ్బంది పెట్టింది. చేతికొచ్చిన వాటిలో చాలా పుస్తకాల మీద ఏదో ఒక గ్రంథాలయం ముద్ర ఉంది. ఎవరో ఇష్టంగా ఇచ్చినవి, 'ఫలానా వారి జ్ఞాపకార్థం' అని రాసినవి, చివరికి కిలోల లెక్కన బయటికొచ్చాయి.

మర్నాడు రైల్లో తెనాలి, బాపట్ల దాటి చీరాల వెళ్తూ ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' తెరిచాను. యాత్రల మీద ఇష్టం ఉన్నవాళ్లు ముందు చదవాల్సింది ఇదే. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పేవాడిగా పనిచేసిన ఆయన 1830 మేలో బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఏ ఊళ్లో నీళ్లు ఎలా ఉన్నాయి, ఏ దారి ఇసక, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, అన్నీ స్నేహితుడికి రాశాడు. పుస్తకంగా 1838లో వచ్చింది. భాష మొదట్లో కొంచెం ఆపుతుంది, ఇరవై పేజీలు ఓపిక పట్టండి. అంత తీరిక లేదంటారా, చాసో కథలు తీసుకోండి. చిన్న కథలు, ఒక్కో స్టేషన్‌కి ఒకటి అయిపోతుంది. దిగాక కూడా వెంట వస్తాయి. గోదావరి జిల్లా తెలుగు చెవికి వినపడాలంటే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఆత్మకథ.

చీరాల నుంచి వేటపాలెం దగ్గరే. ఆ ఊరికి జీడిపప్పు కోసం వెళ్లేవాళ్లే ఎక్కువ. మేం సారస్వత నికేతనం చూడ్డానికి వెళ్లాం. 1918లో మొదలైన గ్రంథాలయం అది, భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర కూడా అక్కడ భద్రంగా ఉంది. కానీ నన్ను పట్టేసింది పాత పత్రికలు. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక లాంటివి ఏళ్లవారీగా బైండు చేసి ఉన్నాయి. చదివేశాక ఏ ఇల్లాలైనా అటక మీద పడేసేవి, లేదా పొట్లాలకి వాడేసేవి, వాటిని ఒక ఊరు దాచిపెట్టుకుంది. పరిశోధకులు దూరాల నుంచి వచ్చేది వీటికోసమే. కాగితం మాత్రం పెళుసెక్కిపోయింది, ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి. ఇలాంటి చోటికి కొత్త పుస్తకాల కట్ట కన్నా బైండింగుకి, కాగితం నిలబెట్టడానికి డబ్బివ్వడమే మేలనిపించింది. నేను అదే చేశాను.

బడిలో మాత్రం పుస్తకాలే ఇచ్చాం. నా స్నేహితురాలు వాటిని బీరువాలో పెట్టనివ్వలేదు. వరండాలో తాడు కట్టి, బట్టలు ఆరేసినట్టు వేలాడదీయించింది. "తాళం చెవి హెడ్మాస్టరు గారి దగ్గరుంటే ఇంక ఎవరు చదువుతారే?" అని ఆమె వాదన. దయ్యాల పుస్తకాలు బెల్లు మోగకముందే మాయం. సైన్సు ప్రయోగాల పుస్తకం కోసం ఇద్దరు మగపిల్లలు కొట్టుకోబోతే ఆ రోజుకి దాన్ని లాగేసుకుంది. నేను ముచ్చటపడి కొన్న పద్యాల పుస్తకం వైపు ఒక్కరూ చూడలేదు.

ఇందాక మళ్లీ ఫోన్ చేసింది. చిరిగిపోయినవి పోగా మిగిలినవి తిరుగుతూనే ఉన్నాయట. వచ్చే జనవరికి జాబితా కూడా చెప్పింది: రెండు అట్లాసులు, ఒక మంచి తెలుగు నిఘంటువు, దయ్యాల పుస్తకాలు ఎన్నయితే అన్ని, అట్టలు వేయడానికి ఒక పెద్ద ప్లాస్టిక్ చుట్ట.